బండికి చలిజ్వరం

ఒంగోలులో గిత్త ఎత్తుగా వుంటే మెచ్చుకుంటారు. ఆ లెక్కనే కాబోలు, మా బావమరిది తన పికప్ బండిని మూడంగుళాలు ఎత్తు చేయించాడు.

వాడిది మిరప చేను, నల్లరేగడి. నాలుగు చినుకులు పడితే చాలు, పుంత బాటలో బండి కడుపు నేలకు రాసుకుంటుంది. అందుకని వెనుక ఇరుసుకూ కమాను కట్టలకూ మధ్య ఇనుప దిమ్మలు పెట్టించాడు. ఆదివారం మా ఆవిడనూ, తన పిల్లనూ ఎక్కించుకొని కొత్తపట్నం సముద్రానికి వెళ్ళి వచ్చాడు. మెల్లిగా నడిపాడు గనుక ఏమీ బయటపడలేదు.

సోమవారం బస్తాలు వేసుకొని గుంటూరు మిర్చియార్డుకు బయలుదేరాం. హైవే మీద వేగం 60 దాటిందో లేదో, బండికి చలిజ్వరం పట్టుకున్నది. కాళ్ళకింది రేకూ, నా పళ్ళూ ఒకే తాళం వేశాయి. చక్రాలు బాలెన్సు చేయించాం, తగ్గలేదు. న్యూట్రల్లో వదిలినా అదే వణుకు. ఇక ఇంజనును అనుమానించి లాభం లేదు గదా! చక్రాలతోపాటు తిరిగేదేదో తప్పు చేస్తున్నది.

ఒంగోలులో ముసలి మేస్త్రీ ఒకాయన కిందికి దూరి కోణాలు కొలిచాడు.

"మేష్టారూ, గేరుపెట్టె నుంచి ఇరుసుకు పోయే యీ గొట్టం ప్రొపెల్లర్ షాఫ్టు. దీనికి అటొకటీ ఇటొకటీ క్రాసులు. కాడికింద ఎద్దులనుకోండి. ఒకటి తొట్రుపడితే రెండోది సర్దాలి" అన్నాడు.

17వ శతాబ్దంలోనే ఇంగ్లండులో రాబర్ట్ హుక్ పరిశీలించిన కీలు యిది. వంగి తిరిగే కీలు ప్రతి చుట్టులోనూ రెండుసార్లు వేగం పెంచుతుంది, రెండుసార్లు తగ్గిస్తుంది. రెండు కీళ్ళ వంపూ సమానంగా వుండి, షాఫ్టు రెండు చివరల యోకులూ ఒకే వరుసలో వుంటే ఒకదాని తప్పును మరొకటి దిద్దుతుంది. మా దిమ్మలు ఏటవాలువి. ఇరుసు ముక్కు పైకి లేచింది. ముందు కీలు వంపు 7 డిగ్రీలు, వెనుకది 2. పైగా షాఫ్టు విప్పి బిగించినవాళ్ళు గుర్తులు కలపలేదు.

"తిన్నని దిమ్మలు వేస్తేనో?" అన్నాడు మావాడు.

"వంపులు సమానమవుతాయి గాని రెండూ ఎక్కువే, క్రాసులు త్వరగా అరుగుతాయి. అది సరే, యిది చూడు బాబూ" అని చూపించాడు మేస్త్రీ. వెనుక బ్రేకుకు పోయే రబ్బరు గొట్టం వింటినారిలా బిగిసి వుంది. గతుకులో ఇరుసు ఇంకాస్త దిగితే తెగేదే. మావాడి ముఖం పాలిపోయింది. ఆదివారం బండిలో ఎవరెవరున్నారో ఇద్దరికీ గుర్తే.

దిమ్మలు తీయించి, గుర్తులు కలిపించి, కొత్త క్రాసులు వేయించాం. వణుకు పోయింది. తయారీదారు లెక్కలకు విరుద్ధంగా బండిని మార్చకూడదని 1988 మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను కూడా అంటుంది. పుంతలో పల్లమున్న చోట రెండు ట్రాక్టర్ల గ్రావెల్ తోలించాం. బండిని ఎత్తడం మాని బాటను ఎత్తామన్నమాట.

"బావా, బ్రేకు గొట్టం సంగతి అక్కయ్యతో చెప్పకు" అన్నాడు వాడు.

నేను చెప్పలేదు. అయితే ఆవిడ ప్రతివారం యీ పేజీ చదువుతుంది.