ప్రతిధ్వనిని కొనవలెనా, కూర్చవలెనా?

మొన్నటి పోషకుల సభలో ఒక తండ్రిగారు లేచి నన్ను నిలదీసిరి: "మాష్టారూ, మావాడు సాయంత్రమైతే పుస్తకం ముట్టడం లేదండీ. రేకుపెట్టెలో తీగలు అతికించుకుంటూ గిటారు మోతలు వింటూ కూర్చుంటున్నాడు. ఆ పెట్టె అంగట్లో దొరుకుతుందట గదా! దొరికే వస్తువుకు ఇంత పాటు ఎందుకండీ?" సభ నవ్వినది. నేనును నవ్వితిని. కాని ఆ ప్రశ్న నవ్వి త్రోసివేయదగినది కాదని ఇంటికి పోయిన పిదప తోచినది. ఆనాడు చెప్పలేని సమాధానమును ఈ పత్రికాముఖమున విన్నవించుచున్నాను.

ఆ పెట్టెను చూడని చదువరులకై రెండు మాటలు. విద్యుద్గిటారు వాయించువాడు కాలితో నొక్కుటకు ముందుంచుకొను చిన్న లోహపు పెట్టెను పెడలు అందురు. గిటారునుండి వచ్చు విద్యుత్సంకేతము దానిలో ప్రవేశించి, మార్పు చెంది, ధ్వనివర్ధకమునకు పోవును. మన పదవ తరగతి బాలుడు చేయుచున్న పెట్టె రెండు పనులు చేయవలెను. వాయించిన స్వరమును కొంతసేపు దాచి మరల వినిపించుట యొకటి. దానిని డిలే యందురు. లెక్కకు మించిన చిన్న చిన్న మ్రోతలు ఒకదానితో నొకటి కలసిపోయి, స్వరము వెనుక తోకవలె సాగి సన్నగిల్లుట రెండవది, అది రివర్బు. మన భాషలో వీనికి ప్రతిధ్వని, అనురణనము అను రెండు వేర్వేరు మాటలు చక్కగా నున్నవి. వాడుకలో రెండింటిని కలిపి మ్రోత యని సరిపెట్టుకొనుచున్నాము గాని, ఆ భేదము చెవికి పట్టనివాడు ఈ పెట్టెను చేయజాలడు.

ఆ భేదము మన విద్యార్థుల చెవికి పట్టినది నిరుడు విజయపురమున, అనగా మన పెద్దలు నేటికిని బిజాపూరు అను నగరమున. 1656లో మరణించిన మహమ్మదు ఆదిల్‌షా సమాధియైన గోల్ గుంబజులో పై వసారాకెక్కి ఒకడు చప్పట్లు చరచగా ఆ ధ్వని పలుమారులు తిరిగి వచ్చినది. క్రింద నిలిచి నేను చరిత్ర చెప్పబోగా నా మాటలే నా మాటలను మ్రింగివేసినవి. అందరును నవ్వుచుండ ఈ బాలుడు మాత్రము లెక్క వేయుచుండెను. గోపురపు లోపలి వ్యాసము సుమారు 38 మీటర్లు. ధ్వని సెకనుకు దాదాపు 340 మీటర్లు పోవును. కనుక ఎదుటి గోడకు పోయి వచ్చుటకు సెకనులో అయిదవ వంతు కంటె కొంచె మెక్కువ పట్టును. "ఆ కాలాన్ని పెట్టెలో దాచలేమా మాష్టారూ?" అని తిరుగు ప్రయాణమున బస్సులో నన్నడిగెను. ఈ కథకు మొదలు అదియే.

దాచవచ్చును. అందులకు స్పిన్ సెమికండక్టర్ సంస్థవారి ఎఫ్.వి.-1 అను చిప్పు కలదు. దానిని రూపొందించినవాడు అలెసిస్ సంస్థ స్థాపకుడైన కీత్ బార్. ఆయన 2010లో మరణించెను. చేతిగడియారములో నుండు స్ఫటికమే దీనికి తాళము వేయును. ఆ తాళమునకు అనుగుణముగా చిప్పు గిటారు ధ్వనిని సెకనుకు 32,768 మారులు కొలిచి, ఒక్కొక్క కొలతను ఒక్కొక్క గూటిలో దాచును. గూళ్లును 32,768. అనగా సరిగా ఒక సెకను ధ్వని దానిలో పట్టును. గోల్ గుంబజు వ్యాసమును పోయి వచ్చుటకు దాదాపు 7,300 గూళ్లు చాలును. ఒక్కొక్క కొలతకు 128 ఆదేశములకు మించి వ్రాయరాదు. ఆ హద్దులోపల మన బుద్ధికి తోచినది మనము వ్రాసికొనవచ్చును.

ఇచ్చట నా మిత్రులొకరు, "ఆ చిప్పులో ఎనిమిది ప్రోగ్రాములు ముందుగానే ఉన్నాయిగా, వాటితో సరిపెట్టుకోరాదా?" అనిరి. తొలి దినములలో సరిపెట్టుకొనవచ్చును. పలకమీద గురువు వ్రాసిన అక్షరమును దిద్దుట వంటిదది. కాని అంతటితో నిలిచినచో, పెట్టె కొనుటకును చేయుటకును భేదము వ్రేళ్లు కాలుట యొక్కటియే!

సొంత కూర్పున ఏమి జరుగునో చూడుడు. ప్రతిధ్వని సులభము. దాచిన ధ్వనిని వినిపించి, దానిలో సగమును మరల గూటిలోనికి పంపినచో రెండవ మ్రోత సగము, మూడవది పావు. పది మారులు తిరుగునప్పటికి వేయింట నొక వంతగును. సగమునకు బదులు పూర్తిగా పంపినచో మ్రోత చావదు. అంతకు మించినచో పెట్టె ఊళ పెట్టును. మావాడు దానిని కూడ చేసి చూచెను. ఇరుగుపొరుగువారు నాతో మొరపెట్టుకొనిరి.

అనురణనము అట్టిది కాదు. అమెరికాలోని బెల్ ప్రయోగశాలలలో పనిచేసిన మాన్‌ఫ్రెడ్ ష్రోడర్ 1962లో దీనికొక మార్గము ప్రకటించెను. వేర్వేరు ఆలస్యములు గల నాలుగు ప్రతిధ్వని మార్గములను ప్రక్కప్రక్కన నడిపి, వాని మొత్తమును, ఏ స్వరమునకును పక్షపాతము చూపక మ్రోతల సంఖ్యను మాత్రము పెంచు మరి రెండు మెట్లగుండ పంపవలెను. సెకనుకు వేయి మ్రోతలైనచో చెవి వానిని విడదీయజాలదు.

బాలుడు ఆ నాలుగు ఆలస్యములకు 1000, 1200, 1400, 1600 గూళ్లు తీసికొనెను. గుండ్రని సంఖ్యలు, వ్రాయుటకు సులువు. ఫలితమేమి? మోటుతీగను మీటినప్పుడెల్ల, ఇత్తడి బిందెపై గరిటెతో కొట్టినట్లు ఒకే స్వరము కంగున నిలిచిపోవుచుండెను. అతుకు చెడినదేమో యని రెండు సాయంకాలములు తీగలన్నియు ఊడదీసి మరల టంకము వేసితిమి. తప్పు తీగలలో లేదు. గరిష్ఠ సామాన్య భాజకములో నున్నది! ఆ నాలుగు సంఖ్యల గ.సా.భా. 200. దానితో 32,768ని భాగించిన దాదాపు 164 వచ్చును. సెకనుకు 164 కంపనములు గల స్వరమును నాలుగు మార్గములును ఒక్కుమ్మడిగా బలపరచుచున్నవి. గిటారు మోటుతీగ కంపనములు సెకనుకు సుమారు 82. దానితోపాటు పలుకు రెట్టింపు స్వరము ఆ 164 చెంతనే యున్నది. సంఖ్యలను 983, 1109, 1277, 1471గా మార్చెను. నాలుగును ప్రధాన సంఖ్యలే. బిందె మ్రోత ఆ పూటనే పోయినది. ఆరవ తరగతిలో నేర్పిన గ.సా.భా. ఎందులకని నన్నింతవరకు అడిగిన పిల్లలు పెక్కుమంది. ఇట్టి జవాబు నాకు దొరకుట ఇదియే మొదలు.

ఆ తండ్రిగారి ప్రక్కన కూర్చున్నవారు మరియొక సందేహము వెలిబుచ్చిరి: తెలుగు మాధ్యమమున చదువు పిల్లవాడు ఇంగ్లీషు ఆదేశములతో ఎట్లు నెగ్గును? చిప్పు ఆదేశములు ఇంగ్లీషు అక్షరములే. నిజమే. ఆ చిన్న పుస్తకమును మేము నిఘంటువు దగ్గర పెట్టుకొని, పేజీకి ఒక సాయంకాలము చొప్పున చదివితిమి. కాని బాలుని నోటుబుక్కులో నాలుగే మాటలు తిరిగి తిరిగి కనబడును: చదువుము, గుణింపుము, కలుపుము, దాచుము. ఆలోచన ఆ నాలుగు మాటలలో సాగినది; ఇంగ్లీషులోనికి మార్చుట తుది పని.

ఇక మన సభామందిరము రేకుల కప్పు గలది, స్వతస్సిద్ధముగనే మ్రోగును. అందులో గోల్ గుంబజును కలిపి వాయించినప్పుడు పాట గంజి అయ్యెను. అంగడి పెట్టెకు మన రేకుల కప్పు సంగతి తెలియదు. బాలుడు వెనుకకు పంపు పాలును తగ్గించి, మోటుతీగ మ్రోత తిరుగుదారిలోనికి చొరకుండ ఒక వడపోత చేర్చెను. ఇప్పుడు పై తీగలకు మాత్రమే తోక యున్నది. మందిరము చివర బెంచీలలో కూర్చుండి నేను స్వయముగ విన్నాను. మాటలు స్పష్టముగ నున్నవి.

పుస్తకము ముట్టుట లేదన్న ఫిర్యాదులో కొంత న్యాయము లేకపోలేదు. కనుక తండ్రిగారితో ఒక ఒడంబడిక చేసికొంటిని. సంక్రాంతి నుండి పబ్లికు పరీక్షల వరకు పెట్టె నా బీరువాలో నుండును. తాళపుచెవి వారియొద్ద. నోటుబుక్కు మాత్రము ప్రయోగశాల బల్లపై నుండును; ఎనిమిదవ తరగతివారు ఇద్దరు ఇప్పటికే దానిని ఎత్తి వ్రాసికొనుచున్నారు.