ఫైటర్ పైలట్ ఎమ్మెల్యే అయితే: యూనిఫాం అనుభవం జనానికి ఎంతవరకు పనికొస్తుంది?

ఎన్నికలప్పుడు తిరుపతిలోనో చిత్తూరులోనో ఓ మాజీ సైనికాధికారి మీ గడప దగ్గరికొచ్చి ఓటడిగారనుకోండి. ఆయన సైనిక అనుభవానికి ఎంత విలువ ఇవ్వాలి? దీనికి తెలుగు రాష్ట్రాల్లో చూడదగ్గ కెరీర్ తెలంగాణ మంత్రి ఉత్తమ్‌కుమార్‌రెడ్డిది. వైమానిక దళంలో మిగ్-21, మిగ్-23 నడిపిన ఆయన, ఆ తర్వాత రాష్ట్రపతి భవన్‌లో అధికారిగా పనిచేసి రాజకీయాల్లోకి వచ్చారు.

సర్వీసులో ఉంటూనే పోటీ చేయొచ్చా?

కుదరదు. ప్రభుత్వం కింద లాభదాయక పదవిలో ఉన్నవారు ఎమ్మెల్యేగా ఉండటానికి రాజ్యాంగంలోని 191వ అధికరణ ఒప్పుకోదు. ఉద్యోగం వదిలాకే నామినేషన్. మాజీ సైనికులకు అసెంబ్లీలో రిజర్వుడు సీట్లేమీ లేవు.

మరి యూనిఫాం ఓట్లు తెస్తుందా?

1994లో కోదాడలో తొలిసారి నిలబడి ఓడిపోయారు. 1999, 2004లో అక్కడే గెలిచారు. ఆ తర్వాత హుజూర్‌నగర్ నుంచి నాలుగుసార్లు. మన పీలేరు ఎమ్మెల్యే కిరణ్‌కుమార్‌రెడ్డి ముఖ్యమంత్రిగా ఉన్నప్పుడు, 2012లో గృహనిర్మాణ శాఖ దక్కింది.

అసలు విషయం 2019లో ఉంది. ఆయన నల్గొండ ఎంపీగా వెళ్లడంతో హుజూర్‌నగర్‌లో ఉప ఎన్నిక వచ్చింది. ఆయన భార్య పద్మావతి 43 వేలకు పైగా ఓట్ల తేడాతో ఓడారు. నాలుగేళ్ల తర్వాత అదే చోట ఆయన దాదాపు 45 వేల మెజారిటీతో గెలిచారు. ఈ మధ్యలో ఆయన సర్వీసు రికార్డేమీ మారలేదు. మారింది రాష్ట్రంలో గాలి.

మంత్రిగా ఏం చేశారు?

2023 డిసెంబర్ నుంచి సాగునీరు, పౌర సరఫరాలు రెండూ ఆయన దగ్గరే ఉన్నాయి. అంటే వరికి నీళ్లూ ఆయనే చూడాలి, రేషన్ బియ్యమూ ఆయనే చూడాలి. 2025 ఉగాది రోజున హుజూర్‌నగర్‌లోనే సన్నబియ్యం పంపిణీ మొదలైంది. కార్డులో ఉన్న ఒక్కొక్కరికి నెలకు 6 కిలోలు. మన దగ్గర స్టోరు బియ్యం అంటామే, అది వండుకోకుండా తక్కువ ధరకు అమ్మేసుకోవడం మీరూ చూసే ఉంటారు. తినగలిగే బియ్యమిస్తే ఆ దందా తగ్గుతుందన్నది ప్రభుత్వ వాదన. అందుకు సన్నాలు పండించే రైతుకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ కూడా పెట్టారు. ఇందులో సైనిక నైపుణ్యం ఏముంది? పెద్దగా ఏమీ లేదు. ఇది ధాన్యం కొనుగోళ్లు, మిల్లులు, డబ్బుల లెక్క.

ఆ నేపథ్యం నిజంగా అక్కరకొచ్చింది మరోచోట. 2025 ఫిబ్రవరి 22న శ్రీశైలం ఎడమగట్టు కాలువ సొరంగం కూలి 8 మంది కార్మికులు చిక్కుకుపోయారు. సైన్యం, నౌకాదళం కూడా సహాయానికి దిగాయి. రెండు మృతదేహాలే బయటికి తీయగలిగారు. తర్వాత సైన్యంలో ఇంజినీరింగ్ విభాగాన్ని నడిపించిన లెఫ్టినెంట్ జనరల్ హర్పాల్ సింగ్‌ను సాగునీటి శాఖ గౌరవ సలహాదారుగా తెచ్చుకుంది. ఎవరిని పిలవాలో తెలియడం కూడా ఒక అర్హతే కదా. ప్రమాదం జరిగేనాటికి సుమారు 44 కిలోమీటర్ల ఆ సొరంగంలో ఇంకా తొమ్మిదిన్నర కిలోమీటర్ల దాకా తవ్వాల్సి ఉంది.