1987 నాటి కంప్యూటర్‌కి ఇప్పుడు కొత్త మెమరీ కార్డులు: మనం అడగాల్సిన ఒక ప్రశ్న

పోస్టు కొంచెం పెద్దదే. ఓపిగ్గా చివరిదాకా చదవండి, కాదనిపిస్తే కామెంట్లో కడిగేయండి.

నా మాట ముందే చెప్పేస్తా. వస్తువు పాడైతే బాగుచేయించుకునే హక్కు గురించి ఈమధ్య అందరూ మాట్లాడుతున్నారు. మంచిదే. కానీ మనలాంటోళ్లకి ఇంకో హక్కు కూడా కావాలి. వస్తువు పాడవ్వలేదు, చాలట్లేదు. అప్పుడు దాన్ని పెంచుకునే దారి ఉండాలి. దీనికి నాకు దొరికిన గట్టి ఉదాహరణ నేను పుట్టకముందే వచ్చిన ఒక చిన్న కంప్యూటర్.

దాని పేరు కేంబ్రిడ్జ్ జెడ్88. 1987లో బ్రిటన్‌లో వచ్చింది. తెచ్చింది క్లైవ్ సింక్లెయిర్. 1982లో జెడ్ఎక్స్ స్పెక్ట్రమ్ అనే చవక కంప్యూటర్‌తో అక్కడ ఇంటింటికీ కంప్యూటర్ చేర్చిన పెద్దమనిషి. 1986లో ఆయన తన కంప్యూటర్ల వ్యాపారాన్ని, ఆ సింక్లెయిర్ పేరుతో సహా, ఆమ్‌స్ట్రాడ్ కంపెనీకి అమ్మేశారు. అందుకే ఈ మెషీన్ మీద ఆయన పేరు ఉండదు, కేంబ్రిడ్జ్ అని ఉంటుంది.

చూడ్డానికి ఏ4 కాగితం అంత ఉంటుంది. బరువు కిలో లోపు. రబ్బరు కీబోర్డు, పైన 8 లైన్లు మాత్రమే చూపించే చిన్న తెర. గోడ గడియారంలో వేసే పెన్సిల్ సెల్స్ నాలుగు వేస్తే దాదాపు 20 గంటలు నడుస్తుంది. రాసుకోవచ్చు, లెక్కలు చేసుకోవచ్చు, బేసిక్‌లో ప్రోగ్రామ్ రాయొచ్చు. కరెంటుతో పని లేదు. కరెంటు పోతే పుస్తకం మూసేసే ఊళ్ల నుంచి వచ్చినోళ్లకి దీని విలువ వేరే చెప్పక్కర్లేదు.

ఇబ్బంది అంతా మెమరీ దగ్గరే. దీనికి హార్డ్ డిస్క్ లేదు. మనం రాసింది కూడా ర్యామ్‌లోనే ఉంటుంది. అంటే పని చేసుకునే బల్ల అదే, దాచుకునే ట్రంకు పెట్టె అదే. కొన్నప్పుడు లోపల వచ్చే ర్యామ్ 32 కేబీ. జీబీ కాదు, ఎంబీ కూడా కాదు, కేబీ.

అది ఎంతో తెలియడానికి మన భాషతో లెక్క వేద్దాం. ఆ మెషీన్లో తెలుగు రాదు, లెక్క కోసమే చెప్తున్నా. ఇప్పటి యూనికోడ్ పద్ధతిలో (యూటీఎఫ్-8) తెలుగు సంకేతం ఒక్కోటి 3 బైట్లు తీసుకుంటుంది. గుణింతం వేరు, వత్తు వేరు. "క్షే" అని రాస్తే మన కంటికి ఒక్క అక్షరం, కంప్యూటర్‌కి నాలుగు సంకేతాలు, 12 బైట్లు. మన ఆదిలాబాద్ వైపు గుంజాల గోండీ లిపి 2018లో యూనికోడ్‌లోకి వచ్చింది కదా, అందులో ఒక్కో సంకేతానికి 4 బైట్లు. 32 కేబీ అంటే 32,768 బైట్లు. మూడుతో భాగిస్తే 10,900 పైచిలుకు సంకేతాలు. మీరు చదువుతున్న ఈ పోస్టు ఒక్కటి పెడితే చాలు, దాదాపు నిండిపోతుంది.

మరి అలాంటి మెషీన్ని ఇంకా ఎందుకు వాడుతున్నారు? కారణం దాని ముందు అంచున ఉంది. కీబోర్డు కింద ఒక పారదర్శకమైన మూత ఉంటుంది. అది తీస్తే మూడు స్లాట్లు. స్క్రూడ్రైవర్ కూడా అక్కర్లేదు. మెమరీ కార్డు కొనుక్కొచ్చి అందులో దూర్చడమే.

లోపల పనితనం చూడండి. మా డిగ్రీ ఎలక్ట్రానిక్స్ సిలబస్‌లో ఉన్న విషయమే ఇది. దాని ప్రాసెసర్ జెడ్80కి అడ్రస్ లైన్లు 16. అంటే ఒకేసారి 64 కేబీ వరకే చూడగలదు. ఆ 64 కేబీని నాలుగు కిటికీలు చేశారు, ఒక్కోటి 16 కేబీ. ఏ కిటికీలోంచి ఏ గది కనబడాలో మార్చడానికి బ్లింక్ అనే వేరే చిప్ పెట్టారు. గది నంబర్ 8 బిట్లు, అంటే 256 గదులు. గదికి 16 కేబీ చొప్పున మొత్తం 4 ఎంబీ. అందులో లోపలి భాగానికి 64 గదులు, ఒక్కో స్లాట్‌కి 64 గదులు. అంటే స్లాట్‌కి 1 ఎంబీ. లోపల 32 కేబీ ర్యామ్ మాత్రమే పెట్టి అమ్మిన రోజునే, 4 ఎంబీ దాకా గదులకి నంబర్లు వేసి ఉంచారు. గుడిసె వేసుకునేటప్పుడే రేపు పిల్లలు పెద్దయితే ఇటువైపు పెంచుకోవాలని స్థలం వదులుకున్నట్టు.

అప్పట్లో అమ్మిన కార్డులు చిన్నవి, 32 కేబీ, 128 కేబీ లాంటివి. సెల్స్ పూర్తిగా అయిపోతే ర్యామ్‌లో ఉన్నది పోతుంది కాబట్టి, పోకుండా దాచుకోవడానికి ఈప్రామ్ కార్డులు ఉండేవి. వాటితో ఒక తంటా ఉంది. అందులో ఫైల్ సేవ్ చేయొచ్చు, కానీ ఒక్క ఫైల్ తీసేసి ఆ జాగా మళ్లీ వాడుకోలేం. నిండిపోతే కార్డు బయటికి తీసి అతినీలలోహిత దీపం కింద పెట్టి మొత్తం చెరపాలి. పలక మీద ఒక్క లైను తుడవడం కుదరదు, పలక మొత్తం కడగాల్సిందే అన్నమాట.

తర్వాత కంపెనీ లేదు, కార్డుల తయారీ లేదు. మామూలుగా అయితే కథ అక్కడితో అయిపోవాలి. కానీ ఆ మెషీన్ మీద ఇష్టం ఉన్న కొంతమంది సొంతంగా కొత్త కార్డులు చేయడం మొదలుపెట్టారు. ఒకే కార్డులో 512 కేబీ ర్యామ్, 512 కేబీ ఫ్లాష్. రెండూ కలిపితే సరిగ్గా 1 ఎంబీ, ఒక స్లాట్ మొత్తం. ఫ్లాష్‌కి దీపం అక్కర్లేదు, మెషీన్లోనే కరెంటుతో చెరిపి మళ్లీ రాయొచ్చు. దాని ఆపరేటింగ్ సిస్టమ్ ఓజెడ్‌కి కూడా కంపెనీ వదిలేశాక వీళ్లే కొత్త వెర్షన్లు తెచ్చారు.

ఇది మాయ ఏం కాదు. 32 కేబీ చిప్పులతో 512 కేబీ కట్టాలంటే 16 చిప్పులు కావాలి. ఇప్పుడు 512 కేబీ ఒకే చిప్పులో దొరుకుతుంది. బోర్డు గీయడానికి కీక్యాడ్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్ ఉంది. గీసిన ఫైల్ పంపితే నాలుగైదు బోర్డులు కూడా చేసిచ్చే ఫ్యాక్టరీలు ఉన్నాయి. పైన ప్లాస్టిక్ డబ్బా కావాలంటే త్రీడీ ప్రింటర్.

తేలికా అంటే కాదు. ఆ మెషీన్ 5 వోల్టులది. ఇప్పటి చిప్పులు ఎక్కువగా 3.3 వోల్టులు, ఇంకా తక్కువ. 5 వోల్టులు తట్టుకునేవి వెతికి పట్టుకోవాలి. బజార్లో పాత చిప్పు మీద పేరు గీకేసి కొత్త పేరు కొట్టి అమ్మేవాళ్లూ ఉంటారు. ఇంకోటి, మెషీన్ ఆపినా ర్యామ్‌ని బతికించేది ఆ నాలుగు సెల్సే. ఖాళీగా ఉన్నప్పుడు కొన్ని మైక్రో ఆంపియర్లు మాత్రమే తాగే చిప్ ఎంచుకోవాలి. లేకపోతే మెమరీ పెరుగుతుంది, సెల్స్ మాత్రం ఊరికే ఖాళీ అయిపోతాయి. స్లాట్‌లోకి దూరే అంచున బంగారు పూత ఉండాలి, లేదంటే తీసిపెట్టగా పెట్టగా కాంటాక్ట్ పోతుంది. ఇవన్నీ మన సెమిస్టర్ పరీక్షలో రెండు మార్కుల ప్రశ్నలే. అక్కడ వాళ్లు వాటితో ఒక మెషీన్‌కి ప్రాణం పోస్తున్నారు.

ఇక్కడ ఒక అన్న అడగొచ్చు: "తమ్ముడూ, ఇవన్నీ డబ్బున్నోళ్ల సరదాలు. మనకేంటి?" నిజమే అన్నా. ఆ కార్డు చేసేవాళ్లు పేదోళ్ల కోసం చేయట్లేదు, ఇష్టం కొద్దీ చేస్తున్నారు. ఆ మెషీన్ కొనమని నేనూ చెప్పట్లేదు. ఇవాళ అందులో స్కాలర్‌షిప్ అప్లికేషన్ తెరుచుకోదు. కానీ వాళ్ల సరదా ఒక విషయం రుజువు చేసింది. స్లాట్ తెరిచి ఉంచి, దానికి సంబంధించిన వివరాలు బయట పెడితే, కంపెనీ పోయిన తర్వాత కూడా వస్తువు పెరుగుతుంది. ఆ రోజుల్లో డెవలపర్ల కోసం సాంకేతిక వివరాల పుస్తకం ఇచ్చారు. ఏ తీగ ఎక్కడికి వెళ్తుందో తెలుసు కాబట్టే ఇప్పటివాళ్లు కార్డు చేయగలిగారు. తెలివి ఒక్కటే ఉంటే చాలదు, తలుపు కూడా తెరిచి ఉండాలి.

ఇప్పుడు మన చేతిలో ఉన్నవి చూద్దాం. మనలో చాలామంది ఇంట్లో మొదటి కంప్యూటర్ అంటే ఫోనే. "స్టోరేజ్ ఫుల్" అన్న మాట చూడనోళ్లు ఎవరున్నారు? పాత ప్రశ్నపత్రాల పీడీఎఫ్‌లు ఉంచాలా, అమ్మమ్మ పాడిన పాట ఉంచాలా అని తేల్చుకోవాల్సిన పరిస్థితి. ఆ పాట ఎక్కడా రాసి లేదు, ఆ ఫోన్లో మాత్రమే ఉంది. మెమరీ కార్డు స్లాట్ ఉంటే ఈ బాధ కొంత తగ్గేది. చాలా కొత్త మోడళ్లలో ఆ స్లాటే తీసేశారు. ఎక్కువ స్టోరేజ్ కావాలంటే ఎక్కువ ధర పెట్టి ఇంకో మోడల్ కొను అంటున్నారు. డబ్బున్నోడు కొంటాడు. మనం పాట చెరుపుకుంటాం.

ల్యాప్‌టాప్‌లదీ అదే దారి. పల్చటి వాటిలో చాలావరకు ర్యామ్‌ని బోర్డు మీదే అతికించేస్తున్నారు. 4 జీబీది వస్తే జీవితాంతం 4 జీబీయే. మొదటి ఏడాది బానే ఉంటుంది, మూడో ఏడాదికి బ్రౌజర్ తెరిస్తే ఆగిపోతుంది. మెషీన్ పాడవ్వలేదు కాబట్టి రిపేర్ లేదు. చాలదు కాబట్టి చదువు లేదు.

కంపెనీల వైపు మాట కూడా చెప్పాలి. అతికించడానికి కారణాలు ఉన్నాయి. ప్రాసెసర్‌కి దగ్గరగా ఉంటే వేగం ఎక్కువ, కరెంటు ఖర్చు తక్కువ, మందం తక్కువ. అది అబద్ధం కాదు. కానీ వేరే దారి లేదన్నది మాత్రం నిజం కాదు. పల్చటి ల్యాప్‌టాప్‌లో కూడా మార్చుకోగలిగే క్యామ్2 అనే మెమరీ పద్ధతికి 2023 డిసెంబర్‌లో జెడెక్ సంస్థ ప్రమాణం ప్రకటించింది. అంటే దారి ఉంది, పెట్టడమా మానడమా అన్నది నిర్ణయం.

మన దేశంలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2022 జులైలో రిపేర్ హక్కు మీద కమిటీ వేసింది. అదే ఏడాది డిసెంబర్‌లో పోర్టల్ తెరిచారు. వ్యవసాయ పరికరాలు, ఫోన్లు-ఎలక్ట్రానిక్స్, ఇంటి సామాన్లు, వాహనాలు అందులోకి వస్తాయి. మంచి అడుగు. కానీ రిపేర్ అంటే నిన్న ఎలా ఉందో అలా చేసివ్వడం. నిన్న ఉన్నదే చాలనప్పుడు ఏం చేయాలి?

నా బాధ అసలు ఇక్కడే. చిన్నప్పటి నుంచి మనకి చెప్పేది ఒకటే: ఉన్నంతలో సర్దుకో. సీటు వచ్చింది కదా, సర్దుకో. హాస్టల్ దొరికింది కదా, సర్దుకో. ఫోన్ ఇచ్చారు కదా, సర్దుకో. ఖాళీ స్లాట్ అంటే దానికి సరిగ్గా తిరుగు మాట. ఈ రోజు నీ దగ్గర 32 కేబీకే డబ్బుంది, సరే, రేపు నీకు ఇంకా కావాలి, అప్పుడు ఇక్కడ పెట్టుకో అని తయారు చేసినవాడే ముందుగా ఒప్పుకోవడం. మొదటి తరం చదువుకునేవాళ్లకి కావాల్సింది సరిగ్గా ఇదే. మనం ఒకేసారి పెద్దది కొనలేం. కొంచెం కొంచెంగా పెంచుకోగలం.

అందుకని నేను అడిగేది ఇది. ఇంట్లోవాళ్లు అప్పు చేసి ఫోనో ల్యాప్‌టాపో కొనే ముందు షాపులో రంగు, కెమెరా కంటే ముందు "మెమరీ తర్వాత పెంచుకోవచ్చా, స్లాట్ ఉందా" అని అడగండి. అతను తెలీదంటే మోడల్ నంబర్ తీసుకుని మనమే చూద్దాం. మన విద్యార్థి సంఘాలు పరికరాల కోసం మెమోరాండం ఇచ్చినప్పుడు "ల్యాప్‌టాప్‌లు ఇవ్వాలి" అని ఆపేయకుండా "ర్యామ్, స్టోరేజ్ పెంచుకునే వీలున్నవి ఇవ్వాలి" అని ఒక్క లైను చేర్చాలి.

మూడోది, ఇది రేపే చేయొచ్చు. చాలా హాస్టళ్లలో మూల గదిలో పాత డెస్క్‌టాప్‌లు దుమ్ము పట్టి ఉంటాయి. వార్డెన్ సార్‌ని అడిగి, స్విచ్చు తీసేసి, మూత విప్పి చూడండి. పాత డెస్క్‌టాప్‌లలో చాలావాటికి ర్యామ్ స్లాట్లు రెండైనా ఉంటాయి, ఒకటి ఖాళీగా ఉండొచ్చు. ఏ రకం ర్యామో చూసుకుని ఇంకో ముక్క వేస్తే, హార్డ్ డిస్క్ బదులు చిన్న ఎస్ఎస్‌డీ పెడితే, పాత మెషీన్ మీద మళ్లీ టైపింగ్, పైథాన్ నేర్చుకోవచ్చు. ఎలక్ట్రానిక్స్, ఐటీఐ, పాలిటెక్నిక్ చదివేవాళ్లు మన గ్రూపులో తక్కువేం లేరు.

మీ హాస్టల్లో అలా ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి, మోడల్ నంబర్, ర్యామ్ స్లాట్ల ఫోటో కామెంట్లో పెట్టండి. ఏ ముక్క సరిపోతుందో కూర్చుని వెతికే పని నాది.