నొప్పి తగ్గితే కాలు బాగైనట్టేనా?

"కాలు బెణికితే ఏమైతది? పసుపు, సున్నం పెట్టి కట్టు కట్టు. పది రోజులు పండుకుంటే అదే తగ్గుతది." ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ జిల్లాల్లో ఏ ఊరి గ్రౌండుకు పోయినా ఈ మాట వినిపిస్తుంది. చెప్పేది తాత కావచ్చు, పీఈటీ సారు కావచ్చు, సూది వేసి పంపించే ఆర్‌ఎంపీ కావచ్చు. చేతిలో నాలుగు పైసలున్న ఇంట్లో ఇదే మాట కొంచెం ఖరీదైన వేషంలో వస్తుంది: "ఎంఆర్‌ఐ తీయించినం. లిగమెంటు తెగిందట. ఆపరేషన్ అయితే అయిపోతది." పేదింటికి పడక, ఉన్నోళ్లకు కత్తి. ఆ తర్వాత ఆటగాడు చేయాల్సిన పని ఇంకా ఉంటుందని ఇద్దరూ అనుకోరు. ఫిజియోథెరపీ అంటే పక్షవాతం వచ్చిన పెద్దమనిషికో, ఐపీఎల్ ఆడేవాళ్లకో సంబంధించిన వ్యవహారమని మనవాళ్ల లెక్క.

ఆ లెక్క తప్పు. ఈ రెండు జిల్లాల్లో ఎంతోమంది పిల్లల ఆట అర్ధాంతరంగా ఆగిపోవడానికి గాయం కన్నా ఈ లెక్కే ఎక్కువ కారణమని నేను వాదిస్తాను.

చీలమండ బెణుకుతోనే మొదలుపెడదాం. కబడ్డీలో రైడర్ మడమ పట్టు నుంచి విడిపించుకునేటప్పుడో, వాలీబాల్‌లో ఎగిరి పక్కవాడి పాదం మీద దిగినప్పుడో పాదం లోపలివైపు మడతపడుతుంది. బయటివైపు లిగమెంటు సాగుతుంది, లేదా కొంత తెగుతుంది. వాపు వస్తుంది, పది రోజుల్లో తగ్గుతుంది, నొప్పీ పోతుంది. ఇక్కడికి తాత మాట నిజమే. కానీ లిగమెంటు పని రెండు ఎముకలను కట్టి ఉంచడంతో అయిపోదు. కీలు ఏ కోణంలో ఉందో క్షణక్షణం మెదడుకు కబురు పంపే నాడుల కొసలు కూడా అందులోనే ఉంటాయి. దెబ్బతో ఆ కబురు మందగిస్తుంది. గుంటలో అడుగు పడగానే కాలిని సర్దుకోవాల్సిన కండరాలకు సమాచారం ఆలస్యంగా అందుతుంది. ఈలోపు పాదం మళ్లీ మడతపడుతుంది.

నమ్మకం లేకపోతే పరీక్షించుకోండి. ఎప్పుడో ఒకసారి కాలు గట్టిగా బెణికిన కుర్రవాణ్ణి గోడ పక్కన ఒంటికాలిపై నిలబెట్టి కళ్లు మూసుకోమనండి. మొదట బాగున్న కాలితో, తర్వాత బెణికిన కాలితో. రెండోసారి మడమ చుట్టూ సన్నగా వణుకు మొదలవుతుంది, నడుము పక్కకు పోతుంది, చెయ్యి గోడను వెతుక్కుంటుంది. నొప్పి పోయి ఆరు నెలలైనా చాలామందిలో ఇది కనిపిస్తుంది. అదే కాలు మళ్లీ మళ్లీ బెణుకుతుంటే మన ఊళ్లో "వానికి నరం వీక్ అయింది" అని తీర్పు చెప్పేస్తారు. నరం వీకయింది కాదు, దానికి ఎవరూ మళ్లీ పని నేర్పలేదు. ఒంటికాలిపై నిలబడటం, నిలబడి బంతి పట్టుకోవడం, దిండు మీద నిలబడటం, ఆపైన గెంతి ఒంటికాలిపై దిగడం: ఫిజియోథెరపిస్టు వారాల తరబడి చేయించేది ఇదే. దిండుకు, గోడకు ఖర్చేముంది?

విశ్రాంతి సిద్ధాంతాన్ని తాతల నుంచి వచ్చిన జ్ఞానంగా అనుకోకండి. దానికి ఆధునిక ముద్ర వేసింది అమెరికా డాక్టర్ గేబ్ మిర్కిన్. 1978లో రాసిన క్రీడావైద్య పుస్తకంలో విశ్రాంతి, ఐసు, బిగించి కట్టు, కాలు ఎత్తులో పెట్టడం అనే నాలుగు మాటల సూత్రం ఇచ్చాడు. ప్రపంచమంతా దాన్ని బట్టీ పట్టింది. 2014లో ఆయనే, ఐసూ పూర్తి విశ్రాంతీ గాయం మానడానికి సాయపడకపోగా ఆలస్యం చేయవచ్చని రాశాడు. చెప్పినాయనే మాట వెనక్కి తీసుకున్నా మన గ్రౌండ్లలో పాత సూత్రమే నడుస్తోంది. మొదటి రెండు మూడు రోజులు కాలిని కాపాడుకోవాలి, అందులో వివాదం లేదు. ఎముక విరిగితే కట్టు తప్పదు. ఆ మొదటి రోజుల తర్వాత మాత్రం కొత్తగా అల్లుకునే కణజాలానికి కొద్దికొద్దిగా బరువు పడాలి. బరువు పడితేనే దాని పోగులు సరైన దిశలో పేర్చుకుంటాయి.

ఇక నూనె పెట్టి రుద్దించడం. తాజా గాయాన్ని గట్టిగా రుద్దితే లోపలి రక్తస్రావం, వాపు పెరుగుతాయి. ఇంతకన్నా ప్రమాదకరమైనది పిల్లల కాలు పట్టి "కీలు ఎక్కించడం". పదమూడు, పద్నాలుగేళ్ల పిల్లల ఎముకల కొసల్లో ఎదుగుదల పొర ఉంటుంది. అది చుట్టూ ఉన్న లిగమెంట్ల కన్నా బలహీనం. పెద్దవాళ్లలో లిగమెంటు సాగే దెబ్బకు పిల్లల్లో ఆ పొర విరగవచ్చు. బయటికి రెండూ ఒకేలా కనిపిస్తాయి. కాబట్టి దెబ్బ తగిలిన పిల్ల నాలుగడుగులు కూడా వేయలేకపోతే, చీలమండ ఎముక మీద నొక్కితే కేక వేస్తే, రుద్దడం పక్కనపెట్టి ఎక్స్‌రేకు తీసుకుపోవాలి. ప్రపంచంలోని అత్యవసర విభాగాల్లో డాక్టర్లు వాడే నియమం దాదాపు ఇదే. దీన్ని పీఈటీ సార్లందరికీ ఒక పూటలో నేర్పవచ్చు.

ఈ ప్రాంతంలో ఆటగాళ్లుగా ఎవరూ లెక్కపెట్టని పెద్ద సైన్యం మరొకటి ఉంది. అది పోలీసు కొలువుల కోసం పరుగెత్తేవాళ్లది. 2022 నోటిఫికేషన్ ప్రకారం కానిస్టేబుల్ కొలువుకు మగవాళ్లు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడవాళ్లు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో దాటాలి. నోటిఫికేషన్ పడితే చాలు, కరీంనగర్ అంబేద్కర్ స్టేడియం, ఎస్సారార్ కాలేజీ గ్రౌండు, ఆదిలాబాద్ ఇందిరా ప్రియదర్శిని స్టేడియం తెల్లవారకముందే నిండిపోతాయి. చోటు దొరకనివాళ్లు సీసీ రోడ్ల మీద పరుగెత్తుతారు. అప్పటిదాకా కోచింగ్ సెంటర్ బెంచీకి అతుక్కుపోయినవాడు ఒక్కసారిగా రోజుకు ఐదారు కిలోమీటర్లు మొదలుపెడతాడు. కొన్ని వారాలకే మోకాలి కింద ముందు ఎముక పొడవునా గుంజుతుంది. మొదట్లో పరుగు మొదలుపెట్టినప్పుడు నొప్పి, ఒళ్లు వేడెక్కాక మాయం. తర్వాత పరుగు అయిపోయాకా ఉంటుంది. ఆపైన రాత్రి పడుకున్నా సలుపుతుంది. ఎముక మీద ఒక్క వేలితో నొక్కి "సరిగ్గా ఇక్కడే" అని చూపించగలిగాడంటే లోపల వెంట్రుకవాసి పగులు పడిందేమోనని అనుమానించాలి. బరువు పడినప్పుడు ఎముక కొంత అరిగి, తిరిగి గట్టిపడుతుంది. గట్టిపడే వ్యవధి ఇవ్వకుండా తరిమితే అరుగుదలే మిగులుతుంది. 2022లో బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడల్లో స్వర్ణం గెలిచిన బ్యాడ్మింటన్ తార పి.వి. సింధుకు ఎడమ పాదంలో వచ్చింది ఇలాంటి పగులే. ఆమె ఆ ఏడు ప్రపంచ చాంపియన్‌షిప్ వదులుకుంది, మళ్లీ పోటీకి దిగింది 2023 జనవరిలో. మనవాడు ఏం చేస్తాడు? మెడికల్ షాపులో నొప్పి బిళ్ల కొని పోలీసు దేహదారుఢ్య పరీక్షలకు (ఈవెంట్స్‌కు) పోతాడు. లేదా భయపడి నెల రోజులు మంచమెక్కి, లేచి అదే పాత వేగంతో పరుగెత్తి అదే నొప్పి మళ్లీ తెచ్చుకుంటాడు. ఫిజియో దగ్గరికి పోతే పరుగు ఆపించి సైకిల్ తొక్కిస్తాడు, పిక్కలకు బలం పట్టిస్తాడు, ఎముక కుదుటపడ్డాక రెండు నిమిషాల పరుగు, రెండు నిమిషాల నడకతో తిరిగి మొదలుపెట్టిస్తాడు. కొలువు అవకాశం కొన్నేళ్లకోసారి వచ్చే చోట ఈ తేడా చిన్నది కాదు.

"ఆపరేషన్ అయితే అయిపోతది" అనే రెండో నమ్మకం సంగతి. మోకాలి మధ్యలో ఉండే ఏసీఎల్ లిగమెంటు తెగితే ఆటగాడి పని అయిపోయిందంటారు, వెంటనే కోయించాలంటారు. స్వీడన్‌లో 121 మంది చురుకైన యువతీ యువకుల మీద జరిగిన అధ్యయనం 2010లో అచ్చయింది. సగంమందికి వెంటనే ఆపరేషన్, మిగతా సగానికి ముందు వ్యాయామ చికిత్స, అవసరమైతేనే తర్వాత ఆపరేషన్. ఐదేళ్ల తర్వాత చూస్తే రెండో జట్టులో దాదాపు సగంమందికి ఆపరేషన్ అవసరమే పడలేదు. వాళ్ల మోకాళ్లు మొదటి జట్టు కన్నా అధ్వానంగానూ లేవు. మలుపులు తిరిగే కబడ్డీ, ఫుట్‌బాల్ ఆటగాళ్లలో చాలామందికి ఆపరేషన్ కావాల్సే రావచ్చు, కాదనను. అయితే ఆపరేషన్ చేసేది కొత్త లిగమెంటు అమర్చడం వరకే. మోకాలిలో నీరు చేరగానే తొడ ముందు కండరానికి నాడుల ఆజ్ఞ తగ్గిపోతుంది. కొద్ది వారాల్లోనే తొడ కళ్లెదుటే సన్నబడుతుంది. దాన్ని మళ్లీ నింపడం సర్జన్ చేతిలో లేదు. నార్వే, అమెరికా పరిశోధకులు 2016లో తేల్చిన విషయం ప్రతి సర్జన్ గదిలో గోడకు అంటించాల్సింది: ఆపరేషన్ తర్వాత తొమ్మిదో నెల వరకు, ఆటకు తిరిగి రావడాన్ని ఒక్కో నెల వాయిదా వేసినకొద్దీ మోకాలు మళ్లీ గాయపడే ప్రమాదం దాదాపు సగానికి తగ్గుతూ వచ్చింది. నెలలు గడిస్తేనే చాలదు, ఒంటికాలి గెంతులో, తొడ బలంలో దెబ్బతిన్న కాలు బాగున్న కాలితో పోలిస్తే 90 శాతమైనా అందుకోవాలి. మన దగ్గర అప్పు చేసైనా ఆపరేషన్ చేయిస్తారు. కుట్లు విప్పగానే చికిత్స ముగిసిందనుకుంటారు. మూడో నెలలో పిల్లవాడు ఊరి జాతర టోర్నమెంటులో కబడ్డీ కూత పెడతాడు.

పక్క జిల్లా నిజామాబాద్ బిడ్డ, బాక్సర్ నిఖత్ జరీన్‌ను చూడండి. 2011లో జూనియర్ ప్రపంచ చాంపియన్. 2017లో అంతర్ విశ్వవిద్యాలయాల పోటీలో భుజం కీలు జారింది, ఆపరేషన్ జరిగింది, దాదాపు ఏడాది రింగుకు దూరం. 2018లో బెల్‌గ్రేడ్‌లో స్వర్ణంతో తిరిగొచ్చింది, 2022 మే నెలలో ఇస్తాంబుల్‌లో ప్రపంచ చాంపియన్ అయింది. మరుసటి ఏడు ఢిల్లీలో మళ్లీ అయింది. మన పత్రికలు దీన్ని పట్టుదల కథగానే రాశాయి. పట్టుదల లేదని ఎవరంటారు? అయితే జారిన భుజం పట్టుదలతో కుదురుకోదు. ఆపరేషన్ అయిన భుజానికి మొదట చెయ్యి ఎత్తడం, తర్వాత రబ్బరు బ్యాండు గుంజడం, ఆ తర్వాత బరువులు, చివరికి పంచ్. విసుగు పుట్టించే ఆ నెలల గురించి ఒక్క పేరా రాసినవాడు లేడు. బ్యాడ్మింటన్ ఆటగాడు పుల్లెల గోపీచంద్ విషయమూ అంతే. 1994లో మోకాలి లిగమెంటు తెగింది, ఒకటికి మించి ఆపరేషన్లు జరిగాయి, 2001 మార్చిలో ఆల్ ఇంగ్లండ్ గెలిచాడు. మధ్యనున్న ఏళ్లను మనం 'సంకల్పబలం' అనే ఒక్క మాటతో దాటేస్తాం. ఫలితంగా పల్లెటూరి పిల్లవాడికి అందే పాఠం ఒక్కటే: నొప్పిని భరించు. అతనికి అందాల్సిన పాఠం అది కాదు.

ఫిజియోల వైపు తప్పు లేదా? ఉంది. మన ఊళ్లలో ఫిజియోథెరపీని "కరెంటు పెట్టించుకోవడం" అంటారు. ఆ పేరు జనం ఊరికే పెట్టలేదు. కొన్ని క్లినిక్కుల్లో పది రోజుల ప్యాకేజీ కట్టించుకుని, పడుకోబెట్టి, ప్యాడ్లు అంటించి, స్విచ్ వేసి, ఫోను చూసుకుంటూ కూర్చుంటారు. యంత్రం కాసేపు నొప్పి మరిపిస్తుంది, కండరానికి బలం తేలేదు. నాలుగున్నరేళ్లు చదివి పట్టా పుచ్చుకున్నవాడు ఆటగాణ్ణి మంచం మీద నుంచి లేపకపోతే అతను చేస్తున్నది తన వృత్తి కాదు. మంచి ఫిజియో దగ్గర రోగికి చెమట పడుతుంది. చెమట పట్టని చోట డబ్బు కట్టకండి.

"ఇదంతా హైదరాబాద్ ముచ్చట, ఉట్నూరు అవతలి గూడెం పిల్లకు ఎట్లా దొరుకుతది?" అని అడిగేవాళ్లున్నారు. ప్రశ్న న్యాయమైనదే, కానీ చేతులెత్తేయడానికి అది సాకు కాదు. ఉమ్మడి కరీంనగర్, ఆదిలాబాద్ నుంచి ఏర్పడ్డ కరీంనగర్, జగిత్యాల, పెద్దపల్లి, సిరిసిల్ల, ఆదిలాబాద్, నిర్మల్, మంచిర్యాల, ఆసిఫాబాద్ జిల్లాలన్నింటిలో ఇవాళ ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. మండలాల్లోని భవిత కేంద్రాలకు దివ్యాంగ పిల్లల కోసం ఫిజియోథెరపిస్టులు వస్తున్నారు. అంటే ఈ వృత్తి మండలం దాకా చేరగలదని ప్రభుత్వమే రుజువు చేసింది. ఆ పిల్లల సమయంలో వాటా అడగడం దుర్మార్గం. అదే పద్ధతిలో ఆటగాళ్లకు వేరే మనిషిని ఇవ్వమనాలి. ఫిజియో రోజూ కళ్లముందు ఉండనక్కర్లేదు కూడా. సరిగ్గా పరీక్షించి, వ్యాయామాలు నేర్పి, రెండు వారాలకోసారి చూసి బరువు పెంచితే మిగతా పని పిల్ల తన ఇంటి వాకిట్లో చేసుకుంటుంది. 2023 డిసెంబరు నుంచి ఆడపిల్లలకు ఆర్టీసీ బస్సు ఎలాగూ ఉచితం.

అసలు గాయమే రాకుండా చూసే పని ఇంకా చవక. మోకాళ్లపై కూర్చున్నవాడి మడమలను స్నేహితుడు గట్టిగా పట్టుకుంటే, వాడు వెన్ను నిటారుగా ఉంచి మెల్లగా ముందుకు వాలాలి. ఈ ఒక్క వ్యాయామం తొడ వెనక కండరం గాయాలను దాదాపు సగానికి తగ్గిస్తుందని పలు అధ్యయనాలు చెప్పాయి. నార్వేలో 13 నుంచి 17 ఏళ్ల ఆడపిల్లల ఫుట్‌బాల్ జట్లకు ఇరవై నిమిషాల సన్నాహక వ్యాయామాలు నేర్పితే గాయాలు మూడో వంతు తగ్గాయని 2008లో తేలింది. గ్రౌండు చుట్టూ రెండు రౌండ్లు కొట్టించి ఆటకు దింపే మన పద్ధతి దీని ముందు నిలవదు.

తెలంగాణలో హకీంపేట, కరీంనగర్, ఆదిలాబాద్‌లలో ప్రభుత్వ క్రీడా పాఠశాలలున్నాయి. మూడింట్లో రెండు మన దగ్గరే. స్కూల్ గేమ్స్ (ఎస్‌జీఎఫ్) పోటీలు పెడతాం, సీఎం కప్ పెడతాం, ఊరి పేరు నిలబెట్టమని పిల్లలను గ్రౌండులోకి తోస్తాం. ఇక ముందు మీ ఊరికి మినీ స్టేడియం ఇస్తామని ఏ నాయకుడైనా మైకు పట్టుకుంటే, అందులో ఫిజియోథెరపిస్టు కొలువు మంజూరు చేస్తారా అని అక్కడే అడగండి. మీ పిల్ల కుంటుతూ ఇంటికొస్తే నూనె సీసా తీయకముందు నాలుగడుగులు వేయించి చూడండి.