కోడి లెక్క కొండచిలువకు చెల్లదు

మన వైపు పల్లెల్లో కోడిని పొదగవేయడం తెలియని ఇల్లాలు అరుదు. గంపలో ఊక పోసి, గుడ్లు అమర్చి, ఇరవైయొక్క దినాలు లెక్కపెట్టుకొంటాము. ఆ లెక్క పాముకు చెల్లదని ఈ యేడు మా ఇంట్లో జరిగిన తగవు వల్ల తెలిసింది.

మా అక్క కొడుకు బెంగుళూరులో ఉద్యోగం. ఆఫ్రికా నుండి వచ్చిన బాల్ పైథాన్ అనే చిన్న కొండచిలువను పెంచుతున్నాడు. నేను గుమాస్తాను గనుక మొదట అడిగింది, "కాగితాలున్నవా?" అని. వున్నవట. 2022లో సవరించిన వన్యప్రాణి చట్టం ప్రకారం ఇటువంటి విదేశీ జాతులను పెంచేవారు నమోదు చేయించుకోవాలి. పిల్లలు పుట్టినా తెలియజేయాలి.

ఈనించే పద్ధతి కూడా వాడే చెప్పినాడు. ఆడదానిని ముందుగా బాగా మేపి, చలికాలంలో పెట్టె వేడిని కొంచెం తగ్గించి, మగదానితో కలుపుతారు. గుడ్లు పెట్టడానికి సుమారు నెల ముందు అది కుబుసం విడుస్తుంది. అప్పుడు తడి నాచు పరచిన చిన్న పెట్టె అమర్చాలి. అయిదారు గుడ్లు పెడుతుంది. వాటిని 31, 32 డిగ్రీల వేడిలో, తేమ ఆరనీయకుండా, దాదాపు రెండు నెలలు వుంచాలి.

ఇంతవరకు బాగానే వుంది. ఉగాదికి వాడు గౌనిపల్లి వచ్చినాడు. సరిగా అప్పుడే మా చిన్నాయన మామిడితోపులో రాళ్లగుట్ట కింద పెద్ద కొండచిలువ గుడ్లను చుట్టుకొని కనబడింది. "కోతకు కూలీలు దిగవలె. గుట్టకు నిప్పు పెడితే సరి" అన్నాడు చిన్నాయన. "వద్దు తాతా, గుడ్లు నేను బెంగుళూరికి తీసుకుపోయి పొదిగిస్తాను" అన్నాడు మావాడు. ఇద్దరికీ మాట పెరిగింది. మా అక్క కంట నీరు పెట్టుకొన్నది.

నాకు ఇద్దరి మాటా సరి అనిపించలేదు. మన కొండచిలువ 1972 నాటి చట్టంలో మొదటి షెడ్యూలులోని జంతువు. దానిని చంపినా నేరమే, గుడ్లు ఇంటికి తెచ్చినా నేరమే. దయ తలచి తెచ్చినానంటే చట్టం వినదు. పైగా గుడ్లు కదిపితే చెడే భయం వుంది. కోడిగుడ్డులో పచ్చసొనను నడుమ పట్టివుంచే తెల్లని తాళ్లుంటవి; కోడి ముక్కుతో దొర్లించినా పిల్లకు మేలే. పాముగుడ్డులో ఆ తాళ్లు లేవు. పిండం పైపెంకుకు అంటుకొని పెరుగుతుంది. తలకిందులైతే చావవచ్చు. అందుకే పెంచేవారు గుడ్డుపైన పెన్సిలుతో గుర్తు పెడతారు. ఈ మాట చెప్పింది మావాడే! నేను గుర్తు చేస్తే తల వంచుకొన్నాడు.

తల్లి చేసే పని ఏ పెట్టె చేస్తుంది? 1832లో లామార్-పికో అనే ఫ్రెంచి యాత్రికుడు మన దేశపు కొండచిలువ గుడ్లను పొదుగుతుందని చెబితే పారిస్ పండితులు నమ్మలేదు. 1841లో అదే పారిస్ జంతుశాలలో వాలెన్‌సియెన్ గారు ఉష్ణమాపకం పెట్టి చూస్తే నిజమే అని తేలింది. 1966లో న్యూయార్కు జంతుశాలలో పరీక్షించి కారణం చెప్పినారు: తల్లి కండరాలు బిగించి వదులుతూ వేడి పుట్టిస్తుంది, చుట్టూ చల్లబడితే ఇంకా ఎక్కువగా బిగిస్తుంది. పొదిగినన్ని నాళ్లూ దాదాపు ఉపవాసమే.

చిన్నాయనకు మాత్రం కేరళ సంగతి చెప్పినాను. 2022లో కాసరగోడు దగ్గర జాతీయ రహదారి వెడల్పు చేస్తుండగా కొండచిలువ గుడ్లు బయటపడినవి. ఆ చోట 54 దినాలు పని ఆపినారు. 24 గుడ్లు పిల్లలైనవి. వాటిని అడవిలో వదిలినారు. "అంత పెద్ద రోడ్డే ఆగితే, నీ తోపులో ఒక మూల ఆగదా చిన్నాయనా?" అన్నాను. ఆయన తుండుగుడ్డ దులిపి, "మేకపిల్లను పట్టుకొంటే ఎవరు ఇస్తారప్పా?" అన్నాడు. అదీ న్యాయమైన మాటే. పొదిగేటప్పుడు వేటకు పోదనీ, మామూలుగా తోపులో ఎలుకలనూ తింటుందనీ, విషం లేదనీ చెప్పి, అటవీశాఖ వారికి ఫోను చేసినాము. వారు కూడా ముట్టవద్దన్నారు. చిన్నాయన గుట్ట చుట్టూ ముళ్లకంప వేసి, మేకలను అటు తోలలేదు.

జూన్ మొదట్లో పోయి చూస్తే తల్లి లేదు. చినిగిన తోలుసంచుల వంటి పెంకులు మాత్రం వున్నవి. "కోతకు రెండు దినాలు ముందే ఖాళీ చేసిందిరా, మాట నిలబెట్టుకొన్నది" అని చిన్నాయన నవ్వినాడు. మావాడికి ఫోను చేసి ఆయనే స్వయంగా చెప్పినాడు. మామిడిపండ్లకు రమ్మన్నాడు కూడా.

చదువరులలో ఎవరి తోటలోనైనా ఇటువంటిది కనబడితే నిప్పు వద్దు, గంప వద్దు. దూరంగా నిలబడి అటవీశాఖకు కబురు చేయండి. రెండు నెలల ఓపిక చాలు. సెలవు.