దండెం మీది చావుకు జవాబుదారి ఎవరు?

ఎండకాలం మొదలైతదో లేదో, పేపర్లల్ల ఓ బాక్స్ ఐటమ్ పడుతది. 'కరెంటు పోతే ఏం చేయాలె? పది జాగ్రత్తలు'. కొవ్వొత్తి, అగ్గిపెట్టె చేతికందే చోట పెట్టుకోవాలట. ఫ్రిజ్ తలుపు మాటిమాటికి తెరువొద్దట. తడి చేతులతోని స్విచ్ ముట్టొద్దట. కుదిరితే ఇన్వర్టర్ కొనుక్కోవాలట. మంచి మాటలే, కాదనేటోడెవడు? కానీ ఒక్క ముచ్చట అడుగుతున్నం. ఈ పదికి పది జాగ్రత్తలు మనకేనా? కరెంటు అమ్మి బిల్లు వసూలు చేసేటోళ్లకు ఒక్కటన్న లేదా?

ఇంటికి కరెంటు మీటర్ ఒక పొలిమేర. మీటర్ దాటినంక లోపలి వైరింగు, స్విచ్చులు, ఎర్త్ మన బాధ్యత. మీటర్ దాక స్తంభం, తీగ, ట్రాన్స్‌ఫార్మర్ కంపెనీ బాధ్యత. మనం పైసలు కట్టి వేయించుకున్నా సరే, సర్వీసు లైను కంపెనీ ఆస్తే అని వాళ్ల షరతులల్లనే రాసి ఉన్నది. మరి ఆ తీగ పాతబడి తెగితే 'కొత్త వైరు కొనుక్క రా, కలుపుత' అని మనకే చెప్పుడేంది? ఆస్తి వాళ్లది, ఖర్చు మనదా? లోపలి పని మనదే, ఒప్పుకుంటం. బయటి పని కూడా మన నెత్తిన రుద్దుతే మాత్రం ఊకునేది లేదు.

చీకటి మనకు పాత చుట్టమే

ఉమ్మడి రాష్ట్రంల మన కరెంటు కథ చెప్పాల్నంటే చీకట్ల నుంచే మొదలుపెట్టాలె. బొగ్గు సింగరేణిది. పొగ రామగుండానిది, కొత్తగూడెందిది. బోరు మీద బతికే రైతుకు మాత్రం కరెంటు విడతల వారీగా, అది కూడా అర్ధరాత్రి. టార్చిలైటు పట్టుకొని బాయికాడికి పోయిన మనిషి తెల్లారి ఇంటికొస్తడో, పామో షాకో పొట్టన పెట్టుకుంటదో తెల్వని రోజులవి. చార్జీలు పెంచొద్దని అడిగినందుకు 2000 ఆగస్టు 28న బషీర్‌బాగ్‌ల తుపాకులు పేలినయి. ముగ్గురు ప్రాణాలు ఇచ్చిండ్రు. 2012, 2013ల పరిశ్రమలకు పవర్ హాలిడేలు, పల్లెలకు కోతలు, పరీక్షల ముంగట పిల్లలకు చిమ్మచీకట్లు.

రాష్ట్రం విడిపోతే తెలంగాణ చీకటైతదని భయపెట్టినోళ్లను కూడా చూసినం. ఏమైంది? 2013 డిసెంబర్ 31న రాయచూర్-షోలాపూర్ లైనుతోని దక్షిణాది గ్రిడ్డు దేశం గ్రిడ్డుతోని కలిసింది. 2014ల విభజనప్పుడు వాడకం లెక్కన 53.89 శాతం కరెంటు మన వాటాకు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. చీకటి మన నొసటి రాత కాదు, ఎవరో చేసిన పని అని తేలిపోయింది.

'మరింక లొల్లి దేనికి?' అని అడుగుతరు. సబ్‌స్టేషన్ కాడ కరెంటు ఉంటే ఇంట్ల ఉన్నట్టేనా? మే నెలల ఒక్క గాలిదుమారం వస్తే చాలు, కొమ్మ విరిగి తీగ మీద పడుతది. పొద్దుగూకినంక పోయిన కరెంటు తెల్లారినా రాదు. ఉత్పత్తి మీద గెలిచినం. నిర్వహణ మీద ఇంకా గెలవలే.

ఇనుప దండెం

వానకాలం వచ్చిందంటే ఈ వార్త ఏదో ఒక ఊరి నుంచి వస్తనే ఉంటది. తడి బట్టలు ఆరేయబోయిన తల్లికి షాక్. పట్టబోయిన భర్తకు షాక్. ఉరికొచ్చిన కొడుక్కు షాక్. మూడు లైన్ల వార్త, ఒక ఫొటో. తెల్లారి మరిచిపోతం.

ఇది విధి కాదు. ఇట్ల జరుగుతది: రేకుల ఇల్లు. సర్వీసు వైరును ఒక ఇనుప తీగకు చుట్టి తెస్తరు. ఎండకు, గాలికి వైరు మీది తొడుగు పగులుతది, రేకు అంచుకు రాసుకుంటది. కరెంటు రేకులల్లకు దిగుతది. రేకు నుంచి వాసానికి, వాసానికి కట్టిన ఇనుప దండేనికి. ఎండకాలమంతా ఎవరికీ తెల్వదు. వాన పడి నేల తడిసిననాడు, తడి బట్ట, తడి చేయి, ఉత్త కాళ్లు. కరెంటుకు భూమిలకు పోయే తొవ్వ మనిషి ఒంట్లనే దొరుకుతది.

'ఫ్యూజు పోవాలె గదా?' అంటరు. పోదు. ఫ్యూజు పోవాల్నంటే ఆంపియర్ల లెక్కన కరెంటు పారాలె. మనిషి పానం పోవుటానికి ఆంపియర్ల పదో వంతు కూడా అవసరం లేదు. ఫ్యూజు వైరును కాపాడుతది, మనిషిని కాదు. మనిషిని కాపాడేది 30 మిల్లీ ఆంపియర్లకే కొట్టేసే ఆర్‌సీసీబీ. ఎలక్ట్రికల్ షాపుల అడిగితే ఇస్తరు. దాని మీద 'టెస్ట్' బటన్ ఉంటది, నెలకోసారి నొక్కి చూడాలె. నొక్కంగనే కరెంటు పోతే అది పనిచేస్తున్నట్టు.

ఇక్కడ మనల్ని మనం కూడా అడుక్కోవాలె. ఉద్యోగస్తులు, చదువుకున్నోళ్లు ఇండ్లు కడుతున్నరు. హాల్ల టైల్స్‌కు, దర్వాజ చెక్కడానికి లెక్క చూడరు. ఎర్త్ గుంత అనంగనే 'ఇప్పుడది అవసరమా?' అంటరు. గుంత తీసి, పైపో ప్లేటో దించి, బొగ్గు, ఉప్పు పోసి నింపే ఖర్చెంత? ఆ గుంతల ఎండకాలం నాలుగు బిందెల నీళ్లు పోయకపోతే అది ఉన్నా లేనట్టే. ఫ్యూజు పోతే సన్నతీగ బదులు రాగి పోగులు మెలిపెట్టి చుట్టేటోళ్లు మనలనే ఉన్నరు. అప్పుడు ఫ్యూజు కాలదు, ఇల్లు కాలుతది.

ఈ వారమే చేయండి. ఇనుప దండెం తీసేసి నైలాన్ తాడు కట్టండి. సర్వీసు వైరు రేకుకు, గోడకు రాసుకునే కాడ చూడండి, పగిలితే మీరు ముట్టకుండ ఫిర్యాదు చేయండి. ఎవరికన్న షాక్ కొడితే మనిషిని పట్టుకోకుండ ముందు మెయిన్ బంద్ చేయండి. మెయిన్ దూరముంటే ఎండిన కట్టెతోని తప్పించండి. తెగి పడ్డ స్తంభం తీగ దగ్గరికి మాత్రం కట్టె పట్టుకొని కూడా పోవద్దు.

న్యూట్రల్ తెగిన రాత్రి

ఒక రాత్రి మా గల్లీల ట్యూబ్‌లైట్లు ఒక్కసారే కండ్లు చెదిరేటట్టు వెలిగినయి. పక్కింట్ల మాత్రం బల్బు దీపం తీర్గ ఎర్రగైంది. ఏందని చూసేలోపే కాలిన వాసన. మా టీవీ, ఎదురింటోళ్ల ఫ్రిజ్, కిరాయికుండే పిలగాండ్ల రెండు ఫ్యాన్లు. స్తంభం మీద న్యూట్రల్ తీగ ఊడింది. అది ఊడితే 230 వోల్టులు రావాల్సిన ఇంటికి, గల్లీల ఎవరి వాడకం ఎంతుందో దాన్ని బట్టి, 400 వోల్టుల దాక వచ్చే ప్రమాదముంటది.

తెల్లారి ఆఫీసుకు పోతే ఏమన్నరు? 'స్టెబిలైజర్ పెట్టుకోవాలె సార్' అన్నరు. వదులైన జాయింటు ఎవరిది? కాలిన టీవీ ఎవరిది? ఆ ప్రశ్నకు ఆ కుర్చీల జవాబు లేదు. ఒక ఇంట్ల లైటు ఎక్కువై, పక్కింట్ల తక్కువైతే అది న్యూట్రల్ పోయిన గుర్తు. ఆలోచించకుండ మెయిన్ బంద్ చేయాలె. ఈ సంగతి మాకు టీవీ కాలినంక తెలిసింది. మీకు అంతకంటే ముందే తెల్వాలె.

ఇన్వర్టర్ అనే రెండో బిల్లు

ఇన్వర్టర్ కరెంటును పుట్టియ్యదు. అదే లైను నుంచి గుంజుకొని దాచుకొని, కొంత పోగొట్టుకొని, మిగిలింది ఇస్తది. అంటే పోయిన కరెంటుకు కూడా మనమే, అది కూడా ఎక్కువ ధర కడుతున్నం. కొనుక్కున్నోళ్లు లెక్కన్న తెలుసుకొని వాడాలె. 12 వోల్టుల 150 ఆంపియర్ అవర్ల బ్యాటరీల కాగితం మీద 1800 వాట్ అవర్లు. నష్టాలు పోను చేతికొచ్చేది సుమారు మూడింట రెండు వంతులు. రెండు పాత ఫ్యాన్లు, మూడు ఎల్ఈడీ బల్బులు వేస్తే 175 వాట్ల దాక పోతది, కొత్త బ్యాటరీ ఆరేడు గంటలు ఆపుతది. 30 వాట్ల దాక తినే బీఎల్‌డీసీ ఫ్యాన్లు పెడితే ఇంచుమించు రెండింతలు వస్తది.

బ్యాటరీల నీళ్లు గీత కింది దాక పడిపోతే డిస్టిల్డ్ వాటరే పోయాలె. నల్లా నీళ్లు పోస్తే బ్యాటరీ ఖరాబు. యాసిడ్ అసలే పోయొద్దు. చార్జింగ్ అయ్యేటప్పుడు మండే వాయువు వస్తది కనుక గాలి ఆడే చోట పెట్టాలె, దేవుని దీపం పక్కన కాదు. కరెంటు పోంగనే ఫ్రిజ్, ఏసీ, మోటార్ బంద్ చేసి, వచ్చినంక ఐదు నిమిషాలు ఆగి ఒక్కొక్కటి వేయాలె.

ఆ ఐదు నిమిషాలే ఊర్ల ట్రాన్స్‌ఫార్మర్లకు శాపమైంది. మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టిన కాలంల, కరెంటు రాంగనే అన్ని బోర్లు ఒక్కసారే లేచేటియి. మోటార్ లేచేటప్పుడు నడిచేటప్పటికంటే ఐదారు రెట్ల కరెంటు గుంజుతది. ట్రాన్స్‌ఫార్మర్ కాలకపోతే ఏమైతది? అయితే రైతు ఆటో స్టార్టర్ ఎందుకు పెట్టిండు? కరెంటు ఎప్పుడు వస్తదో తెల్వక, అర్ధరాత్రి బాయికాడికి పోలేక పెట్టిండు. ముందు చీకట్లకు తోలి, తర్వాత 'నీ వల్లనే కాలింది' అన్నరు. కాలినదాన్ని ఊరోళ్లే చందాలు వేసుకొని, ట్రాక్టర్ల ఎక్కించుకొని రిపేరుకు తీసుకపోయిన రోజులు ఎవలు మరిచిపోయిండ్రు?

ఒక మాట మాత్రం సాఫ్‌గ చెప్పాలె. మన కొట్లాట స్తంభం ఎక్కే హెల్పర్‌తోని కాదు. వానల గ్లౌజులు లేకుండ ఎక్కి పానం పోగొట్టుకునేది కూడా మన ఇంటి పిలగాడే. మనిషికి మించిన ఊర్లు అప్పజెప్పి, పనిముట్లు ఇయ్యని పైవాళ్లను అడుగుతున్నం.

ఫిర్యాదు కాగితం మీదికెక్కాలె

చట్టం మన దిక్కే ఉన్నది, వాడుకునేటోళ్లే తక్కువ. 2003 విద్యుత్ చట్టంల 57వ సెక్షన్ సేవల ప్రమాణాలు పెట్టాలంటది, అవి తప్పితే వినియోగదారునికి పరిహారం ఇయ్యాలంటది. నియంత్రణ మండలి ప్రమాణాల ప్రకారం ఫ్యూజ్ పోయిందని ఫిర్యాదు చేస్తే పట్టణంల 4 గంటలల్ల, పల్లెల 12 గంటలల్ల సరిచేయాలె. ట్రాన్స్‌ఫార్మర్ కాలితే పట్టణంల 24 గంటలు, పల్లెల 48 గంటలు. 2020 డిసెంబర్ 31న కేంద్రం తెచ్చిన వినియోగదారుల హక్కుల నియమాలు కూడా ఇదే తొవ్వల ఉన్నయి. కరెంటు ప్రమాదం జరిగితే సమాచారమియ్యాలని, విచారణ జరిపించొచ్చని 161వ సెక్షన్ చెప్తది.

కానీ 'లైన్‌మన్‌కు ఫోన్ చేసినం' అంటే చట్టానికి ఇనపడదు. 1912కు చేయాలె, ఫిర్యాదు నంబరు అడిగి రాసుకోవాలె. గల్లీకో నోట్‌బుక్ పెట్టండి. తారీఖు, కరెంటు పోయిన టైము, వచ్చిన టైము, ఫిర్యాదు నంబరు. హాస్టళ్లల్ల విద్యార్థులు రాయండి, కాలనీలల్ల ఉద్యోగులు రాయండి. గడువు దాటితే వినియోగదారుల ఫిర్యాదుల పరిష్కార వేదికకు పోండి, అక్కడ న్యాయం కాకపోతే విద్యుత్ అంబుడ్స్‌మన్‌కు పోండి. వకీలు లేకున్నా నడుస్తది. ఒక్కడు పోతే ఆపతి చెప్పుకున్నట్టుంటది. యాభై ఇండ్ల నోట్‌బుక్ పోతే లెక్క అడిగినట్టుంటది.

ఇంటి లోపల ఎర్త్ మనం వేసుకుందాం, ఇనుప దండెం మనం తీసేద్దాం, బ్యాటరీల నీళ్లు మనమే పోసుకుందాం. మీటర్ అవతల ఊడిన తీగకు, ఒరిగిన స్తంభానికి, పోయిన పానానికి మాత్రం జవాబు వాళ్లే చెప్పాలె. రేపు పొద్దుగాల కొవ్వొత్తుల ప్యాకెట్ కొననీకి దుకాణం పోతరు గదా, ఓ రెండువందల పేజీల నోట్‌బుక్ కూడా తెచ్చుకోండి.