గోప్యమా? వంచనా?

సంస్కృతంలో 'గుప్' అనే ధాతువున్నది. రక్షించుట దాని అర్థం. కాపాడేవాడు గోప్త, కాపాడుకోవలసినది, దాచదగినది గోప్యం. తరగతిలో ఈ మాట వచ్చినప్పుడెల్లా "దాచేది కాపాడడానికే" అని ముగించేవాణ్ణి. ఆ ముగింపు మీద నాకే సందేహం కలిగింది 2019లో.

ఆ ఏడు జనవరి 24 రాత్రి పదకొండున్నర దాటాక శ్రీహరికోట నుండి పీఎస్‌ఎల్‌వీ-సీ44 లేచింది. జి.కొండూరులో మా ఇంట టీవీ ముందు మనుమడూ నేనూ కూర్చున్నాం. విద్యార్థులు చేసిన చిన్న కలాంశాట్ అందులో ఉన్నదని విని వాడు చప్పట్లు కొట్టాడు. దానితోపాటు వెళ్ళిన 740 కిలోల మైక్రోశాట్-ఆర్ ఛాయాచిత్రాలు తీసే ఉపగ్రహమన్నారు. మార్చి 27న ఒడిశాలోని అబ్దుల్ కలామ్ ద్వీపం నుండి డీఆర్‌డీఓ క్షిపణి ఎగిరి, సుమారు 300 కిలోమీటర్ల ఎత్తున ఆ ఉపగ్రహాన్నే తుత్తునియలు చేసింది. అదే మిషన్ శక్తి. "తాతయ్యా, ఫొటోలు తీసేదన్నారుగా?" అన్నాడు మనుమడు. నాకు జవాబు తోచలేదు.

మన శాస్త్రజ్ఞుల నైపుణ్యాన్ని నేను శంకించను. క్షిపణి గురి కుదిరే విధానం దాచవలసినదే. కాని దాచడం వేరు, మరొకటి చెప్పడం వేరు. మొదటిది గోపనం, రెండవది వంచన. శకలాలు 45 రోజులలో కాలిపోతాయని కూడా చెప్పారు. ఏడాది దాటాక కూడా కొన్ని తిరుగుతూనే ఉండేవి.

ఖర్చుల సంగతీ అంతే. మంగళయాన్‌కు 450 కోట్లు, చంద్రయాన్-3కు సుమారు 615 కోట్లు అని బడిపిల్లలు సైతం అప్పజెబుతారు. మెప్పు తెచ్చే లెక్క ఊరంతా తెలుస్తుంది. ఆయుధాల లెక్క అడుగుదామంటే, 2005 నాటి సమాచార హక్కు చట్టం రెండవ షెడ్యూలులో డీఆర్‌డీఓ పేరున్నది. అవినీతి, మానవహక్కుల ఉల్లంఘన ఆరోపణలకు సంబంధించినది తప్ప మరేదీ చెప్పనక్కరలేదు.

ఇది మన ఇంటి గొడవ మాత్రమే కాదు. 1967 నాటి అంతరిక్ష ఒడంబడిక కక్ష్యలో అణ్వాయుధాలు ఉంచరాదన్నది. మనమూ అందులో ఉన్నాం. అయితే కక్ష్యలోని పేటికను తెరిచి చూసే ఏర్పాటు అందులో లేదు. లోపల ఉన్నది కెమెరానా, బాంబా అన్నదానికి పంపిన ప్రభుత్వం మాటే ఆధారం. రష్యా అట్టి ఆయుధాన్ని తయారు చేస్తున్నదని 2024లో అమెరికా ఆరోపించింది, రష్యా కాదన్నది. ఆ ఏప్రిల్‌లో భద్రతామండలికి వచ్చిన తీర్మానాన్ని రష్యాయే వీటో చేసింది. ఎవరిని నమ్మాలి?

నమ్మకం తప్పితే ఏమవుతుందో 1962 జూలై 9 చెబుతుంది. అమెరికా పసిఫిక్ మీద 400 కిలోమీటర్ల ఎత్తున అణుబాంబు పేల్చింది. ఎంతో దూరాన ఉన్న హవాయిలో వీథిదీపాలు ఆరాయి. మర్నాడు ఎగిరిన అమెరికా ఉపగ్రహం టెల్‌స్టార్ సైతం ఆ వికిరణానికి దెబ్బతిన్నది. ఆకాశంలో బాంబుకు తనవారు, పైవారు అన్న భేదం లేదు.

రేపు పొరుగు దేశమొకటి ఏదో పైకి పంపి "ఛాయాచిత్రాల కోసమే" అంటే, కాదనడానికి మనకు నోరుంటుందా? ఆ మాట మనమూ అన్నదే కదా!

అందువల్ల నేను కోరేది స్వల్పం. విధానం దాచండి, ప్రయోజనం విషయంలో అబద్ధమాడకండి. చెప్పలేనప్పుడు "చెప్పలేము" అనండి. పని ముగిశాక, గడువు పెట్టుకుని ఖర్చు పార్లమెంటు ముందుంచండి. ప్రజలను కాపాడేదే గోప్యం. ప్రశ్న నుండి పాలకులను కాపాడేదానికి ఆ పేరు చెల్లదు.

మీరేమంటారు?